ఓడ ఎప్పుడో చెప్పండి చాలు, పచ్చడి మేమే పంపుకుంటాం

కేంద్ర ఓడరేవులు, నౌకాయాన, జలమార్గాల శాఖ మంత్రి శర్బానంద సోనోవాల్ గారికి,

నమస్కారమండీ. విజయవాడ పటమటలో పచ్చళ్లు, కారాలు, పొడులు చేసి అమ్ముకునేదాన్ని నేను. మీకు తెలుగు రాదని తెలుసు. అయినా తెలుగులోనే రాస్తున్నాను, నా గోడు నాకు ఈ భాషలోనే సరిగ్గా వస్తుంది కాబట్టి. పైగా ఇది మీ ఒక్కరికే కాదు, ఇక్కడి మంత్రులు, ఎంపీలు, బందరు రోడ్డు మీద కాన్వాయ్‌లో రోజూ తిరిగే నాయకులు కూడా చదవాలనే బహిరంగంగా పెడుతున్నాను. ఎవరో ఒకరు మీకు చదివి వినిపిస్తారులెండి.

విషయం అండమాన్‌కి పంపే సరుకు.

అండమాన్ అంటే ఇక్కడ చాలామందికి సెల్యులార్ జైలు, లేకపోతే కొత్తగా పెళ్లైనవాళ్ల ఫొటోలు. నాకు మాత్రం ఆవకాయ ఆర్డర్లు. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవులన్నిట్లో కలిపి ఉన్నది 3.8 లక్షల మంది, అందులో నూటికి 13 మంది తెలుగువాళ్లు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి చేపల వేటకనీ, కూలి పనులకనీ వెళ్లి అక్కడే ఉండిపోయిన కుటుంబాలు ఎక్కువ. వాళ్ల మనవలు బయట హిందీ మాట్లాడతారు, ఇంట్లో తెలుగు. పచ్చడి దగ్గర మాత్రం ఏ మార్పూ లేదు, అందులో ఇంకా కారం తగ్గిందనే అంటారు.

నాకు చిన్నమ్మ వరసయ్యే ఆవిడకి పోర్ట్ బ్లెయిర్‌లో, అబర్డీన్ బజారుకి దగ్గర్లో కిరాణా కొట్టుంది. మొదట్లో ఇక్కడికి పెళ్లికో పేరంటానికో వచ్చినప్పుడు సూట్‌కేసులో పది కిలోలు పట్టుకుపోయేది. విమానంలో మూత ఊడి చీరలన్నీ నూనె అయ్యాక, "ఇలా కాదే, ఓడలో పంపు, నేను అమ్మిపెడతా" అంది. అలా మొదలైంది. ఇప్పుడు ఏడాదికి మూడు నాలుగు లాట్లు పంపుతాను. ఆవకాయ, మాగాయ, గోంగూర, కందిపొడి, గుంటూరు యార్డు నుంచి తెచ్చి ఆడించిన కారం. పెద్ద వ్యాపారమేం కాదు, మా యూనిట్లో పనిచేసే తొమ్మిది మంది ఆడవాళ్లకి వేసవి తర్వాత కూడా పని ఉండేది ఆ లాట్ల వల్లే.

ఇప్పుడు మీరే లెక్క వేయండి. విజయవాడ నుంచి చెన్నై సుమారు 450 కిలోమీటర్లు, లారీకి ఒక రాత్రి. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్ సముద్రం మీద 1,190 కిలోమీటర్లు, ప్రయాణికుల ఓడైతే 50 నుంచి 60 గంటలు. కాగితం మీద నాలుగు రోజుల దూరం. పోయిన వేసవిలో నేను పంపిన ఆవకాయ చేరడానికి 41 రోజులు పట్టింది.

మిగతా 37 రోజులు ఎక్కడికి పోయాయో తెలుసుకోవడానికి నేను ఫోన్లు చేసీ చేసీ చెవి నొప్పి తెచ్చుకున్నాను. తేలిందేమిటంటే, నాలాంటివాళ్లది పార్ట్ లోడ్. ఎనభై పెట్టెలకి కంటైనర్ ఎవరూ ఇవ్వరు. ఏజెంటు పదిమంది సరుకూ పోగేసి 20 అడుగుల కంటైనర్ నిండేదాకా గోడౌన్‌లో పెట్టుకుంటాడు. అది నిండేసరికి ఓడ వెళ్లిపోతుంది. తర్వాతి ఓడ ఎప్పుడంటే "వచ్చే వారం మేడమ్" అంటాడు, ఆ వచ్చే వారం రాదు. ఆయన్ని తిట్టి లాభం లేదు, ఆయనకీ తెలియదు. వాతావరణం బాగోలేదనో, రిపేరుకి వెళ్లిందనో, అటువైపు సరుకు దించడానికి జాగా దొరకలేదనో తేదీ జరుగుతూనే ఉంటుంది, జరిగిన సంగతి మాకు జరిగాక తెలుస్తుంది.

ఈలోపు ఈ-వే బిల్లు, అంటే సరుకు బండి వెంట ఉండాల్సిన జీఎస్టీ పత్రం. ఇందులో తప్పు మాదే, దాచను. ఓడ మీద వెళ్లే సరుకుకి పోర్టల్‌లో 'షిప్/రోడ్ కమ్ షిప్' అని పెడితే 20 కిలోమీటర్లకి ఒక రోజు చొప్పున గడువిస్తారు, అంటే ఈ దూరానికి రెండు నెలలు దాటే దొరుకుతుంది. ఉత్త రోడ్డు అని పెడితే 200 కిలోమీటర్లకి ఒక రోజే. మా అకౌంట్స్ చూసే కుర్రాడు అలవాటు కొద్దీ రోడ్డు అని కొట్టాడు. తొమ్మిది రోజులకి బిల్లు చచ్చింది. గడువు పొడిగించుకోవడానికి అది ముగిసే ముందు ఎనిమిది గంటలు, ముగిశాక ఎనిమిది గంటలు ఉంటుందట, ఆ సమయంలో మేం నూనె సీసాలు కడుక్కుంటున్నాం. బిల్లు లేకుండా గోడౌన్ నుంచి హార్బర్‌కి బండి కదపనన్నాడు ఏజెంటు. అది సరిచేసుకునేసరికి ఇంకో ఓడ పోయింది.

చివరికి చేరింది. చిన్నమ్మ వీడియో కాల్ చేసి చూపించింది. ఆ పెట్టెల మీద నా చేత్తోనే మార్కర్‌తో బాణం గుర్తు పెట్టి 'ఇటు పైకి' అని రాశాను, తమిళంలో కూడా రాయించాను పక్కింటావిడ చేత. సగం పెట్టెలు తలకిందులుగా ఉన్నాయి. జూన్ ఎండలో రేకుల షెడ్డు కింద అన్ని రోజులుంటే ఏమవుతుంది, నూనె పలచబడి మూత మరల్లోంచి ఊరి, అట్టపెట్టె అడుగు నానిపోయి, ఎత్తితే సీసాలు జారి కింద పడుతున్నాయి. నూనె పోయిన ముక్క పైన తేలి నల్లబడింది. ఆవకాయకి నూనె పైన నిలబడి ఉన్నంతకాలమే ప్రాణం, ఆ పొర పోయిందంటే ఇక బూజే. ఎనభై పెట్టెల్లో ముప్పై రెండు పారబోసింది. పాపం ఆవిడ డబ్బు అడగలేదు, "మామిడికాయ దండగైపోయిందే అమ్మడూ" అని మాత్రం అంది. నున్న మార్కెట్‌లో పొద్దున్నే నాలుగింటికి నిలబడి ఏరుకొచ్చిన కాయ అది.

ఇంకో చిన్న ముచ్చట, నవ్వుకుంటారని చెప్తున్నా. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్‌కి శ్రీ విజయపురం అని పేరు మార్చారు కదా. బిల్లుల మీద కొత్త పేరే రాయాలని మా కుర్రాడు శ్రద్ధగా రాశాడు. ఇక్కడి లారీ ఆఫీసు గుమాస్తా చూసి నాగార్జునసాగర్ దగ్గర విజయపురి అనుకుని ఆరు పెట్టెలు మాచర్ల బండిలో వేసేశాడు. వాటిని వెనక్కి తెప్పించుకోవడం అండమాన్ పంపడం కంటే తేలికైంది, రెండు రోజుల్లో వచ్చేశాయి. పేరు మార్చడం మీ ఇష్టం, నేనేమీ అనను, ఇప్పుడు పక్కనే పాత పేరు కూడా రాస్తున్నాం అంతే.

సర్, మీరు మాజులి నుంచి ఎమ్మెల్యేగా గెలిచి ముఖ్యమంత్రి అయినవారు. బ్రహ్మపుత్ర మధ్యలో ఉన్న దీవి అది. అవతలి ఒడ్డున సరుకు పెట్టుకుని ఫెర్రీ కోసం చూడటమంటే ఏమిటో ఢిల్లీలో మిగతా మంత్రులకి చెప్పాలి గానీ మీకు నేను చెప్పక్కర్లేదు. అందుకే ధైర్యం చేసి రాస్తున్నాను.

నేను అడిగేది కిరాయి తగ్గించమని కాదు. తగ్గిస్తే సంతోషమే. కానీ నా సరుకుని చంపుతున్నది కిరాయి కాదండీ, తేదీ. ఫలానా రోజు ఓడ కదులుతుంది అని తెలిస్తే, దానికి నాలుగు రోజుల ముందు సీసాలు నింపుతాను, మూడు రోజుల ముందు లారీ ఎక్కిస్తాను. రైలుకి టైమ్ టేబుల్ ఉంది, ఆర్టీసీ బస్సుకి ఉంది, తెల్లవారుజామున వచ్చే పాల వ్యానుకి కూడా ఉంది. సరుకు ఓడకి మాత్రం ఏజెంటు నోటి మాటే టైమ్ టేబుల్. నెల ముందు తేదీలు ప్రకటించి, మారితే బుక్ చేసుకున్న ప్రతివాళ్లకీ ఒక మెసేజ్ పంపడానికి వేల కోట్లు కావాలా?

ఇక విశాఖ సంగతి. మాకు విశాఖ చెన్నై కంటే దగ్గర, 350 కిలోమీటర్లు. అక్కడి నుంచి పోర్ట్ బ్లెయిర్ 1,200 కిలోమీటర్లు, చెన్నైతో దాదాపు సమానం. అండమాన్‌లో ఉన్న తెలుగువాళ్ల సొంతూళ్లన్నీ ఆ చుట్టుపక్కలే. కానీ చెన్నై నుంచీ, కోల్‌కతా నుంచీ నెలకి మూడు నాలుగు ప్రయాణికుల ఓడలైతే, విశాఖ నుంచి ఎన్నో ఏళ్లుగా నెలకి ఒక్కటి అనే లెక్కే. నాన్‌కౌరీ, స్వరాజ్ ద్వీప్ లాంటి ఓడలు 1,200 మంది మనుషులతో పాటు 1,500 టన్నుల సరుకు మోసేలా కట్టినవి. ఆ విశాఖ ఓడలో ఒక మూల చిన్న లాట్ల కోసమని విడిగా ఉంచి, పెట్టె లెక్కన బుకింగ్ తీసుకుంటే నాలాంటివాళ్లు కంటైనర్ నిండేదాకా కాపలా కాయక్కర్లేదు.

అంత చిన్న దీవికి అంత సరుకెక్కడిది, గిట్టుబాటు కాదు అనే మాట ఒకటి వస్తుంది, ముందే చెప్తున్నా. ఊరు చిన్నదే. కానీ ఆ ఊరికి బియ్యం, పప్పు, ఉల్లిపాయ, సిమెంటు, ఇనుము, స్కూలు పుస్తకాలు, మందుబిళ్లలు, అన్నీ ఇక్కడి నుంచే పోవాలి. గ్రేట్ నికోబార్ చివరి నుంచి ఇండోనేషియా సుమత్రా సుమారు 150 కిలోమీటర్లే, అయినా అక్కడివాళ్లు ఆ పక్కకెళ్లి ఉల్లిపాయలు కొనుక్కురాలేరు కదా. ఓడ వారం ఆలస్యమైతే కూరగాయల ధర ఎలా లేస్తుందో చిన్నమ్మ ఫోన్లో చెప్తుంటే నేను ఇక్కడ రైతుబజార్‌లో నిలబడి వింటుంటాను, టమాటా ఎవరూ కొనక పారబోస్తున్న రోజున.

ఇంకోటి, ఓడ తిరిగి వచ్చేటప్పుడు ఏం తెస్తుంది? అక్కడ పండేది ముఖ్యంగా కొబ్బరి, వక్క. లవంగం, జాజికాయ కూడా కొంచెం. పోయే సరుకుతో పోలిస్తే వచ్చేది ఎంతో తక్కువ, కాబట్టి ఖాళీగా వచ్చే ఖర్చు కూడా పోయే పెట్టెల మీదే పడుతుంది. మా కృష్ణా, గుంటూరులో ఏ శుభకార్యమైనా వక్క లేకుండా తాంబూలం లేదు, మా మసాలా యూనిట్లకి లవంగం కావాలి. తిరుగు సరుకుకి కిరాయి సగం చేసి చూడండి ఒక ఏడాది, ఇక్కడ వన్‌టౌన్ వ్యాపారులే వెతుక్కుంటూ వస్తారు. ఇంతవరకూ వాళ్లలో ఎంతమందికి అండమాన్ వక్క ఉందని తెలుసో నాకు అనుమానమే.

గ్రేట్ నికోబార్‌లో గలాథియా బే దగ్గర పెద్ద ట్రాన్స్‌షిప్‌మెంట్ పోర్టు కడతామంటున్నారు. కొలంబో, సింగపూర్‌లో మారే మన కంటైనర్లు అక్కడ మారతాయట. మొత్తం ప్రాజెక్టుకి మొదట చెప్పిన అంకె 72 వేల కోట్లు. అడవి, ఆదివాసులు, తాబేళ్ల గురించి వాదించేవాళ్లు వాదిస్తున్నారు, వాళ్ల మాట వినాలనే నా అభిప్రాయం కూడా. నేను అడిగేది ఒకటే: ప్రపంచం కంటైనర్లన్నిటికీ ఆ దీవిలో జాగా చూపిస్తున్నవాళ్లు, ఆ దీవుల్లో ఉన్న మనుషులు తినే కందిపప్పుకి ఓడ తేదీ చెప్పలేరా?

చివరగా బందరు. మా ఊరి నుంచి డెబ్బై కిలోమీటర్లు, గంటన్నర. 1611లో ఇంగ్లీషువాళ్లు వచ్చి గిడ్డంగి పెట్టుకున్న రేవు, కలంకారీ బట్టలు పర్షియా దాకా పోయిన రేవు. ఇప్పటి పోర్టుకి 2008లో ఒకసారి, 2019లో ఒకసారి, 2023లో ఒకసారి ముగ్గురు ముఖ్యమంత్రులు కొబ్బరికాయ కొట్టారు. ఈసారి నిజంగానే పనులు సాగుతున్నాయి, వెళ్లి చూసొచ్చాను, అలల మీదకి రాళ్ల గోడ చాలా దూరం పోయింది. మొదటి దశలో ఓడలు ఆగే బెర్తులు నాలుగు. బొగ్గుకి, ఎరువులకి, కంటైనర్లకి వాటిని పంచేసుకునే ముందే ఒక మాట: అందులో నెలకి రెండు రోజులు అండమాన్ ఓడకి కేటాయించండి. కట్టాక అడిగితే "డిజైన్‌లో లేదమ్మా" అంటారు, అందుకే ఇప్పుడు అడుగుతున్నా. 2025లో పార్లమెంటు కోస్టల్ షిప్పింగ్ చట్టం చేసింది, తీర రవాణాకి జాతీయ ప్రణాళిక ఒకటి తయారుచేయాలని అందులో ఉంది. ఆ ప్రణాళికలో బందరు-పోర్ట్ బ్లెయిర్ అని ఒక గీత గీయండి. రాష్ట్రంలో ఉన్న మా నాయకులు కూడా ఢిల్లీ వెళ్లినప్పుడు నిధుల జాబితాలో ఈ గీత కూడా అడగాలి, అడిగారో లేదో మేం చూస్తూనే ఉంటాం.

చిన్నమ్మ ఈసారి నలభై పెట్టెలే చాలంది, పారబోసే ఓపిక లేదట. ఆవకాయ కలపడం అయిపోయింది, జాడీల్లో ఊరుతోంది, మూడో రోజు తిరగకలిపి సీసాలకెత్తాలి. మూతకి లోపల ఇంకో సీలు వేయించాను, ఈ-వే బిల్లు నేనే పక్కన కూర్చుని కొట్టిస్తాను. చెన్నైలో ఏజెంటుని ఈ పొద్దున కూడా అడిగాను ఓడ ఎప్పుడని.

వచ్చే వారం అన్నాడు.

ఇట్లు,
పటమట, విజయవాడ నుంచి
ఒక పచ్చళ్ల వ్యాపారి