వీసాకు డబ్బు కట్టకముందే చెప్పేవాళ్లు కావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం మా ఊళ్లో ఇంటర్ పాసైన పిల్లగాడొకడు మా ఇంటికొచ్చాడు. వచ్చే నెల దుబాయ్ పోతున్నాడట. "కాకా, లగేజీ ఎన్ని కిలోలు పట్టుకపోనిస్తరు?" అని అడిగాడు. పనేమిటంటే "కంపెనీల హెల్పర్" అన్నాడు. ఏ కంపెనీయో తెలియదు. వీసా చూపించమంటే ఫోన్ తీశాడు. అది 60 రోజుల విజిట్ వీసా. "అక్కడికి పోయినంక కంపెనీ వీసాకు మారుస్తరట" అన్నాడు. ఏజెంటు అడిగిన లక్షన్నరలో 70,000 అప్పటికే కట్టేశారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 2010లో నేనూ ఇట్లే పోయాను. తిరిగొచ్చి ఊళ్లో ఎవరికీ నిజం చెప్పలేదు. ఆలస్యంగానైనా చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది జగిత్యాల జిల్లా. బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి అని మా పాత కరీంనగర్ జిల్లా బతుకుల గురించి ఒక మాట ఉంది. మా తాత బొంబాయి పోయాడు, మేనమామ సింగరేణిలో బొగ్గుబాయి పని చేశాడు, నా వంతుకు దుబాయి వచ్చింది. నూటికి మూడు రూపాయల మిత్తికి 1,20,000 అప్పు తెచ్చి ఏజెంటు చేతిలో పెట్టాం. సూపర్‌మార్కెట్‌లో పని, నెలకు 1,200 దిర్హమ్‌లు అన్నాడు. దిగిన మూడో రోజు బిల్డింగులు కట్టేచోట షట్టరింగ్ పనికి తోలారు. పాస్‌పోర్టు కంపెనీ వాళ్లు తీసుకున్నారు. జీతం 700. తిండికి 250 పోతే 450 మిగిలేవి. అప్పట్లో దిర్హమ్‌కు పన్నెండు రూపాయల చిల్లర. అంటే ఇంటికి ఐదున్నర వేలు. అందులో 3,600 మిత్తికే పోయేది. మిగిలిన పంతొమ్మిది వందల్లో బాపు మందులు, ఇంటి ఖర్చు, అసలు తీర్చడం. ఈ లెక్క పోకముందు కాయితం మీద వేసి చూపించేవాడు ఒక్కడుంటే నేను విమానం ఎక్కేవాణ్ని కాను.

మేముండేది సోనాపూర్ లేబర్ క్యాంపులో. బంగారు ఊరు అని ఆ పేరుకు అర్థం. గదికి పన్నెండు మందిమి, ఒకదాని మీద ఒకటి మంచాలు. తెల్లవారుజామున నాలుగింటికి బస్సు. రాత్రి వండి డబ్బాలో కట్టుకున్న అన్నం మధ్యాహ్నానికి పులిసిపోయేది. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించొద్దని అక్కడ నిబంధన ఉంది. మా సైటులో దాన్ని పాటించారు కూడా. కానీ పొద్దున పదింటికే ఇనుప పైపు ఒట్టి చేత్తో పట్టుకోలేకపోయేవాళ్లం. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగఫ్‌లో కార్మికులుండే భవనం అంటుకుని నలభై మందికి పైగా భారతీయులు చనిపోయారు. పత్రికల్లో ఆ ఫొటోలు చూసినప్పుడు నాకు మా గదే గుర్తొచ్చింది. మాకూ బయటికి పోవడానికి ఒకటే మెట్ల దారి.

ఇరవై ఆరు నెలలకు సెలవు మీద వచ్చాను. గదిలోవాళ్ల దగ్గర చేబదులు తీసుకుని కంబళ్లు, సెంటు సీసాలు, టైగర్ బామ్ కొనుక్కొచ్చి వాడకట్టంతా పంచాను. ఎట్లుందని అడిగినవాళ్లందరికీ "మంచిగుంది" అన్నాను. చెల్లె పెళ్లి మాటలు నడుస్తున్నాయి, అప్పులాయన మా అరుగు మీదే కూర్చున్నాడు, ఇంకేం చెప్పగలను? గల్ఫ్ నుంచి వచ్చిన నాలాంటివాళ్లు చాలామంది ఇదే చేశారు. నన్ను చూసి మా ఊరివాళ్లే ఇద్దరు అదే ఏజెంటు దగ్గరికి పోయారు. ఒకాయనకు కంపెనీ ఐదు నెలలు జీతమివ్వలేదు. అది వదిలి బయట పనికి పోయి ఖల్లివెల్లి, అంటే కాయితాలు లేని కార్మికుడు అయ్యాడు. ఆకామా అనే నివాస పర్మిట్ లేదు, పాస్‌పోర్టు చేతిలో లేదు, పోలీసు కనబడితే సందులో దాక్కోవడం. వాళ్ల అవ్వ చనిపోతే పాడె లేవడం ఫోన్‌లో చూశాడు. 2018లో యూఏఈ క్షమాభిక్ష పెట్టినప్పుడు పాస్‌పోర్టు లేనివాళ్లకు ఇంటికి పోవడానికిచ్చే ఔట్‌పాస్ మీద వచ్చాడు. అప్పటికి ఎకరంన్నర పొలం మిత్తి కింద పోయింది.

గల్ఫ్ పోవద్దని నేను చెప్పను. సరైన కంపెనీలో, తెలిసిన పని మీద పోయి ఇల్లు కట్టుకున్నవాళ్లు, బిడ్డల పెళ్లిళ్లు చేసినవాళ్లు మా మండలంలోనే ఉన్నారు. పోయేవాడికి ముందు తెలియాల్సినవి తెలియడం లేదన్నదే నా బాధ.

చట్టం లేక కాదు. 1983 ఎమిగ్రేషన్ చట్టం ఉంది. రిజిస్టరైన ఏజెంటు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ కంటే ఎక్కువ తీసుకోకూడదు. ఏ ఏజెంటుకు లైసెన్సుందో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. కానీ పోయే ముందు ప్రభుత్వం దగ్గర తీసుకునే ఎమిగ్రేషన్ క్లియరెన్సు, దాంతో వచ్చే 10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరిగా ఉండేది పదో తరగతి పాస్ కాక ఈసీఆర్ (ఆ క్లియరెన్సు కావాల్సిన) పాస్‌పోర్టు ఉన్నవాళ్లకే. పదో తరగతి పాసైన పిల్లలు ఆ క్లియరెన్సు కంటికి ఆనరు. విజిట్ వీసా మీద పోయేవాళ్లు అసలే ఆనరు. అందుకే ఏజెంట్లు ఆ దారి పట్టారు. ఆ బీమా కూడా ప్రమాదంలో చనిపోతేనో, శాశ్వతంగా పనికిరాకుండా పోతేనో వస్తుంది. క్యాంపు మంచం మీద నిద్రలోనే గుండె ఆగినవాడి ఇంటికి రాదు.

గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 5 లక్షలు ఇవ్వాలని మన రాష్ట్ర ప్రభుత్వం 2024లో నిర్ణయించింది. ఎన్నో ఏళ్లు అడిగితే వచ్చిన సాయం అది. శవపేటిక శంషాబాద్ వచ్చినంక చేసే ఈ సాయానికి తోడు, వీసాకు బయానా ఇచ్చే ముందు కూడా ప్రభుత్వం మా ఊళ్లో కనబడాలి. కేరళ 1996లోనే ప్రవాసుల కోసం నోర్కా శాఖ పెట్టుకుంది. 2008లో సంక్షేమ చట్టం చేసి తిరిగొచ్చినవాళ్లకు పెన్షన్ దాకా తెచ్చుకుంది. విదేశీ ఉద్యోగాల కోసం మన రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన టామ్‌కామ్ సంస్థ పేరు మా ఊళ్లో పదిమందికి కూడా తెలియదు.

ప్రతి మీసేవ కేంద్రంలో ఏజెంటు పేరు చెబితే లైసెన్సుందో లేదో చూసి కాయితం తీసిచ్చే ఏర్పాటు చేయాలి. పని ఏమిటి, జీతం ఎంత అన్నది తెలుగులో రాసివ్వని ఏజెంటు మీద ఫిర్యాదు స్థానిక ఠాణాలోనే తీసుకోవాలి. విజిట్ వీసా మీద పంపి అక్కడ మారుస్తామనేవాళ్ల మీద జిల్లా పోలీసులు గట్టిగా పట్టు బిగించాలి. గ్రామసభల్లో తిరిగొచ్చినవాళ్లను పిలిచి మాట్లాడించాలి. మొదట నేను మాట్లాడతాను, సెంటు సీసాలు అప్పు చేసి తెచ్చిన సంగతితో సహా.

ఆ పిల్లగాడితో మూడు గంటలు కూర్చుని మిత్తి లెక్క కాయితం మీద వేసి చూపించాను. వాళ్ల బాపు అంతా విని, "కట్టిన డెబ్బై వేలు ఎవడు వాపసు ఇస్తడు?" అన్నాడు. ఏజెంటు వాళ్లకు రసీదు ఇవ్వలేదు.

— గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన కార్మికుడు,
జగిత్యాల జిల్లా