లెక్క అడగడం అభిషిక్తుణ్ణి ముట్టడం కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

నేను ఒక స్వతంత్ర స్థానిక క్రైస్తవ సంఘంలో కోశాధికారిని. మా మీద బిషప్పు లేడు, మిషన్ బోర్డు లేదు. క్రీస్తే శిరస్సుగా ప్రతి సంఘం తన పనులు తానే చూసుకోవాలన్న నమ్మకం నాకు ప్రాణం. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

నాకు తెలిసిన ఒక సంఘంలో ఆరాధన అయ్యాక ఒక సహోదరుడు లేచి మందిర నిర్మాణ నిధి లెక్క చెప్పమన్నారు. పాస్టరుగారు తానే దేవుడు అభిషేకించిన, అంటే తన పనికి ప్రత్యేకించుకున్న, సేవకుణ్ణి అన్నట్టు ‘నేను అభిషేకించినవారిని ముట్టకూడదు’ అన్న వచనం చదివి, ప్రార్థన చేసి ముగించేశారు. తరువాతి ఆదివారం ప్రభువు బల్ల (క్రీస్తు మరణాన్ని జ్ఞాపకం చేసుకుంటూ రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచరణ) సమయంలో రొట్టె పళ్ళెం ఆ సహోదరుణ్ణి దాటి పక్కవారికి వెళ్ళింది. అది చూసి ఆయన భార్య కూడా రొట్టె తీసుకోలేదు.

ఆ మాట 105వ కీర్తనలోది. పైవచనాలు కూడా చదవండి. కొద్దిమందిగా, పరదేశులుగా తిరుగుతున్న అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల జోలికి పోవద్దని దేవుడు రాజులను గద్దించిన మాట అది. దిక్కులేనివారిని కాపాడిన వాక్యాన్ని అధికారం ఉన్నవారు అడ్డుపెట్టుకోవడం అన్యాయం. అభిషేకం విశ్వాసులందరిదీ అని యోహాను మొదటి పత్రిక (2:20) చెబుతోంది. సంఘ పెద్ద మీద నేరారోపణకు ఇద్దరు ముగ్గురు సాక్షులు ఉండాలన్న అపొస్తలుడు పౌలే, పాపం చేసినవారిని అందరి ఎదుట గద్దించమని ఆ వెంటనే రాశాడు (1 తిమోతి 5:19, 20). యెరూషలేము పరిశుద్ధుల కోసం పోగైన చందా విషయంలో ఎవరూ తప్పుపట్టకూడదని, సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ణి తన జతపనివాడైన తీతుకు తోడు పంపాడు. అపొస్తలుడే అంత జాగ్రత్తపడ్డాడు!

మా సంఘంలో కానుకల పెట్టె అందరి ముందే తెరుస్తాం. ఒకే ఇంటివారు కాని ఇద్దరు లెక్కపెడితే నేను పుస్తకంలో రాస్తాను, ముగ్గురం సంతకం చేస్తాం. నాలుగు మడతలు పెట్టిన నోట్లు ఉంటాయి. కొన్ని కవర్ల మీద ‘అమ్మ ఆపరేషన్ కోసం ప్రార్థించండి’ అని పెన్సిలుతో రాసి ఉంటుంది. అలాంటి కవరు చేతికి వచ్చాక నిర్లక్ష్యంగా ఎలా ఉండగలం?

బిషప్పులున్న సంఘాల్లో ఫిర్యాదు వినడానికి పైన ఒకరుంటారు. మాకు లేరు. కాబట్టి కట్టుదిట్టం లోపలే ఉండాలి. పౌలు, బర్నబా ప్రతి సంఘానికీ పెద్దలను ఏర్పరిచారే గాని (అపొ. కార్య. 14:23) ఏ సంఘాన్నీ ఒక్కరి చేతిలో పెట్టి వెళ్ళలేదు. పాస్టర్లకు నా విన్నపం: మీతో పాటు నిర్ణయాలు చేసే పెద్దలను నిలబెట్టండి. ఏటా లెక్కలు బయటి ఆడిటరుకు చూపించి సంఘం ఎదుట చదవండి. మందిరం స్థలం మీ పేరున గాని మీ కుటుంబ ట్రస్టు పేరున గాని ఉంటే సంఘం పేరుకు మార్చండి.

ఇట్లు,
ఒక స్థానిక సంఘ కోశాధికారి