మా అమ్మ భయం తీర్చిన మేడమ్ గారికి, మాకు అండగా నిలిచిన అందరికీ

మా చెల్లెలికి మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఒంటి రోగనిరోధక శక్తే మెదడు, వెన్నుపాముల్లోని నరాల పొరను దెబ్బతీసే జబ్బు) అని తేలిన నాటి నుంచి కర్నూలులో మా కుటుంబానికి ఆసరాగా నిలిచినవారు చాలామంది. కొందరి ఇళ్లకు వెళ్లి నమస్కారం చెప్పుకున్నాం. కానీ కొన్ని మేళ్లు నలుగురిలో చెప్పుకోవలసినవి. అందుకే ఇది రాస్తున్నాను.

మొదట చెల్లెలికి ఒక కంటి చూపు మసకబారింది. కన్ను కదిపితే నొప్పి, ఎర్ర రంగు వెలిసిపోయినట్టు కనిపించేది. కళ్లద్దాలతో పోయేది కాదని పసిగట్టి, వెంటనే నరాల డాక్టరు దగ్గరికి పంపిన కంటి డాక్టరు గారికి మా దండాలు. ఎంఆర్ఐలో మచ్చలు కనిపించాయి. వెన్ను నీరు తీసి పరీక్ష చేశారు, స్టెరాయిడ్ ఎక్కించారు. చూపు చాలావరకు తిరిగి వచ్చింది.

ఇంట్లో అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. ఈ జబ్బుకు హెర్పిస్ వైరస్ కారణమని బంధువు ఒకాయన ఫోనులో చదివి వచ్చి చెప్పారు. ఆ పేరు వినగానే పెళ్లి కాని పిల్ల గురించి అనకూడని మాటలు అన్నవారున్నారు. అక్కి రాయించమన్నవారున్నారు. మా అమ్మ బాధ మాత్రం వేరు. "చిన్నప్పుడు నా కంచంలో ముద్దలే తినిపించాను, నా ఎంగిలి వల్లే వచ్చిందా?" అని అడిగి అడిగి అన్నం మానేసింది.

మా వీధిలోనే ఉండే మేడమ్ గారు కళాశాలలో మైక్రోబయాలజీ చెప్పి రిటైరయ్యారు. సంగతి తెలిసి తనంతట తానే వచ్చి అమ్మ పక్కన కూర్చున్నారు. హెర్పిస్ అనేది ఒక పెద్ద వైరస్ కుటుంబమనీ, ఆటలమ్మనూ అక్కినీ కలిగించేదీ, పెదవి మీద పొక్కులు తెచ్చేదీ, జనం సిగ్గుపడే జబ్బుకు కారణమయ్యేదీ అన్నీ అందులోవేననీ చెప్పారు. మల్టిపుల్ స్క్లెరోసిస్ విషయంలో ప్రధానంగా వినిపించే పేరు ఎప్‌స్టీన్-బార్ వైరస్. ఆఫ్రికా పిల్లల్లో వచ్చే ఒక కణితి కణాల్లో దాన్ని 1964లో ఎప్‌స్టీన్, అచాంగ్, బార్ అనే ముగ్గురు గుర్తించారు. లాలాజలం ద్వారా సోకుతుంది, పెద్దవాళ్లలో 90 శాతానికి పైగా మందిలో ఉంటుంది. "మీలో ఉంది, నాలో ఉంది, ఈ వీధిలో దాదాపు అందరిలో ఉంది. అందరికీ ఈ జబ్బు వచ్చిందా అమ్మా?" అన్నారు.

వైరస్‌కు పాత్రే లేదని మాత్రం ఆమె చెప్పలేదు. ఊరడించడానికి అబద్ధం ఆడని ఆ తీరుకు నేను మరీ రుణపడి ఉన్నాను. అమెరికా సైన్యంలో పనిచేసిన కోటి మందికి పైగా సిబ్బంది వివరాలను, దాచి ఉంచిన రక్త నమూనాలను పరిశీలించి హార్వర్డ్ పరిశోధకులు 2022లో ప్రకటించిన ఫలితాలను వివరించారు. ఎప్‌స్టీన్-బార్ సోకాక ఈ జబ్బు వచ్చే అవకాశం 32 రెట్లు పెరిగింది. అదే కుటుంబానికి చెందిన సైటోమెగలో వైరస్ సోకితే అలా పెరగలేదు. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు మరో సంగతి తేల్చారు. ఈ వైరస్‌లోని ఒక ప్రోటీన్‌లో కొంత భాగం మన మెదడులోని గ్లియల్‌క్యామ్ అనే ప్రోటీన్‌ను పోలి ఉంటుంది. దొంగ పోలికలున్నాయని ఇంటి మనిషినే కొట్టినట్టు, కొందరు రోగుల్లో వైరస్‌ మీదికి తయారైన యాంటీబాడీలు (రోగక్రిములను పట్టుకోవడానికి ఒంట్లో తయారయ్యే ప్రోటీన్లు) సొంత ప్రోటీన్‌ను కూడా పట్టుకుంటున్నాయి. అయితే వైరస్ ఒక్కటే చాలదు. జన్యువులు, విటమిన్ డి లోపం, పొగతాగడం వంటివి తోడు కావాలి. తల్లి తినిపించిన ముద్దను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదని ఆమె గట్టిగా చెప్పాక అమ్మ ఏడ్చింది. ఆ రాత్రి అన్నం తిన్నది.

వైరస్ మందు ఇస్తే సరిపోదా అని మా మామయ్య అడిగారు. యాసిక్లోవిర్ వంటి మందులు పెరుగుతున్న వైరస్ మీదే పనిచేస్తాయి, ఇది బి కణాలనే ఒక రకం తెల్ల రక్తకణాల్లో నిద్రాణంగా దాగి ఉంటుందని మేడమ్ గారు ఓపికగా చెప్పారు. ఇప్పుడు చెల్లెలికి ఎక్కిస్తున్న రిటుక్సిమాబ్ ఆ బి కణాలను తగ్గించే మందే.

వేడి తగిలితే ఈ జబ్బు లక్షణాలు తాత్కాలికంగా ఎక్కువవుతాయి. కర్నూలు ఎండల సంగతి మీకు తెలిసిందే. ఏప్రిల్‌లో తమ గదిలోని కూలర్‌ను విప్పి తెచ్చి మా ఇంట్లో పెట్టిన ఎదురింటి అన్నకు, వదినకు ఏమిచ్చినా రుణం తీరదు. చెల్లెలి తరగతిని మేడ మీద నుంచి కిందికి మార్చి, ఉదయం పీరియడ్లే ఇచ్చిన హెడ్మాస్టరు గారికి, 2016 వికలాంగుల హక్కుల చట్టం జాబితాలో ఈ జబ్బు కూడా ఉందని చెప్పి ధ్రువపత్రానికి దరఖాస్తు రాసిపెట్టిన గుమాస్తా గారికి నమస్కారాలు. ఇదే జబ్బుతో ఏళ్లుగా ఉద్యోగం చేసుకుంటున్న అనంతపురం అక్క ఫోనులో ఇచ్చినంత ధైర్యం మేమెవరం ఇవ్వలేకపోయాం.

కర్నూలులో ఇంకెవరింట్లోనైనా ఈ జబ్బు బయటపడి, ఆ పేరు పట్టుకుని ఎవరైనా మాట తూలితే మాకు కబురు పెట్టండి. మీ ఇంటి పెద్దవాళ్లతోనూ కూర్చుని మాట్లాడతానని మేడమ్ గారు మాట ఇచ్చారు.