కోడలి జీతం కావాలి, కట్నమూ కావాలా?

పెళ్లి సంబంధాల్లో అబ్బాయి సంపాదనకు ఒక న్యాయం, అమ్మాయి సంపాదనకు మరో న్యాయం నడుస్తోంది. ఈ మధ్య మా బంధువుల ఇంట పెళ్లిచూపుల్లో ఇది కళ్లారా చూశాను. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులే, జీతాలూ దాదాపు సమానమే. అయినా కాఫీ కప్పులు కింద పెట్టకముందే మగపెళ్లివారు ‘లాంఛనాలు’ ఎంత అన్నారు, ఆ వెంటనే అమ్మాయికి వంట వచ్చా అన్నారు. అబ్బాయిని ఆ ప్రశ్న అడిగినవారు లేరు. పెళ్లయ్యాక తన జీతంలో కొంత అమ్మానాన్నలకు పంపుతానని అమ్మాయి చెప్పగానే వారి ముఖాలు మాడిపోయాయి. ఆమె చదువుకు చేసిన అప్పు ఆ తండ్రి ఇంకా తీరుస్తూనే ఉన్నాడు! 2024 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసేవారిలో ఆడవారు రోజుకు 289 నిమిషాలు, మగవారు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. జీతం తెచ్చే కోడలికీ ఈ చాకిరీ తప్పడం లేదు. కట్నం 1961 నుంచి నేరమే. పెళ్లి కానుకల జాబితా రాసి వధూవరులిద్దరూ సంతకాలు చేయాలని 1985 నిబంధనలు చెబుతున్నాయి. నేను వెళ్లిన ఏ పెళ్లిలోనూ ఆ కాగితం చూడలేదు. వివాహ నమోదుకు ఆ జాబితాను రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ తప్పనిసరి చేయాలి, అది లేనిదే రిజిస్ట్రార్లు ధ్రువపత్రం ఇవ్వకూడదు.