మకావ్ ఆటకు మన తాటి టెంకలు చాలు

సంపాదకుల వారికి నమస్కారం.

మకావ్, కాకటూ, ఆఫ్రికన్ గ్రే లాంటి పెద్ద చిలుకలను పెంచేవాళ్లు నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు అక్కడక్కడా కనిపిస్తున్నారు. చాలామందిది ఒకటే ఫిర్యాదు. వెయ్యి రూపాయలు పెట్టి తెచ్చిన ఆట వస్తువు పొద్దు గూకేలోగా పంజరం అడుగున పొట్టయి పడి ఉంటుంది. ఇంకా గట్టిది కావాలని మళ్లీ షాపుకు వెళ్తారు. షాపులో మందపాటి ప్లాస్టిక్ వస్తువో, తళతళలాడే ఇనప గొలుసో చేతిలో పెడతారు.

పెద్ద చిలుకకు ఆటంటేనే పగలగొట్టడం. పగలని వస్తువును రెండు రోజులు కొరికి చూసి వదిలేస్తుంది. ఆ తర్వాత ఏమీ తోచక పంజరం కమ్మీలు కొరుకుతుంది, లేదా తన ఈకలు తానే పీక్కుంటుంది. అందుకని ఏళ్ల తరబడి నిలవాల్సింది ఆట వస్తువును పంజరంలో వేలాడదీసే కొక్కెం, కడ్డీ, లింకు. కడ్డీకి గుచ్చే ముక్కలు వారంలో అరిగిపోయేవే కావాలి. తాడిచెట్టు, టెంకాయచెట్టు, సరుగుడు తోట ఉన్న జిల్లాల్లో ఆ ముక్కల కోసం ఆన్‌లైన్‌లో వేలకు వేలు పోయడం చూస్తే మాకు బాధగా ఉంటుంది.

ఇదంతా విదేశీ చిలుకల సంగతి. మన రామచిలుకను పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. వన్యప్రాణుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందమైన సైటీస్ జాబితాలో ఉన్న విదేశీ పక్షులనైనా 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి.

ముందు లోహం సంగతి చూడాలి, ప్రాణం పోయేది అక్కడే. జీఐ (గాల్వనైజ్డ్ ఇనుము) తీగ, జీఐ గొలుసు మీద ఉండేది జింకు పూత, అది చిలుకకు విషం. చిలుక ముక్కుతో గీరి, నాలుకతో ఆ పొడిని మింగుతుంది. వాంతులు, ఆకుపచ్చగా నీళ్లలాంటి రెట్ట, అంతులేని దాహం, నీరసం కనిపిస్తే వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లి లోహం మింగి ఉండొచ్చని చెప్పాలి. ఎక్స్‌రేలో లోహపు ముక్కలు తెల్లగా కనిపిస్తాయి. చవక గంటల నాలుకలో సీసం ఉండొచ్చు, అది ఇంకా ప్రమాదం. కొనేటప్పుడు చిన్న అయస్కాంతం దగ్గర ఉంచుకోండి. అంటుకుంటే పక్కన పెట్టేయండి. అలాగని అంటుకోనిదల్లా మంచిదనుకోవద్దు, జింకు మిశ్రమంతో పోతపోసిన కొక్కేలకు కూడా అయస్కాంతం అంటదు. స్టెయిన్‌లెస్ స్టీలు అని బిల్లు మీద రాయించుకోవడమే మేలు. మైపాడు, కొత్తపట్నం లాంటి ఉప్పుగాలి ఊళ్లలో 304 రకానికి కూడా గోధుమరంగు మరకలు పడతాయి. 316 రకానికి ఆ బెడద తక్కువ.

కడ్డీని ఇంటి మెట్లకు స్టీలు రెయిలింగ్ చేసే వర్క్‌షాపులో చేయించుకోవచ్చు. 6 మి.మీ. మందం, 35 సెం.మీ. పొడవున్న స్టెయిన్‌లెస్ కడ్డీ తీసుకోండి. అడుగున 4 సెం.మీ. గుండ్రటి స్టీలు బిళ్లను ఆర్గాన్ వెల్డింగ్‌తో అతికించి, అతుకును నున్నగా గ్రైండింగ్ చేయించాలి. మొనదేలిన కడ్డీని అలాగే వేలాడదీస్తే ఊగినప్పుడు పక్షికి గుచ్చుకుంటుంది. పైకొసన 4 సెం.మీ. మేర మర వేయించి, ముందు మామూలు నట్టు, దాని మీద రింగు ఉన్న నట్టు ఎక్కించి, రెండింటినీ ఒకదానికొకటి ఎదురుగా స్పానర్‌తో బిగించాలి. ఒక్క నట్టుతో, అదీ చేత్తో బిగించి వదిలేస్తే మకావ్ దాన్ని ముక్కుతో పట్టుకుని నాలుకతో తిప్పుకుంటూ ఊడదీస్తుంది. ఊడిన నట్టు నోట్లోకే పోతుంది.

పంజరానికి తగిలించేది మరతో మూసే స్టీలు లింకు కావాలి. కుక్కల గొలుసుకు ఉండే స్ప్రింగు కొక్కేనికి ముక్కు చిక్కుకుంటుంది. తాళంచెవుల రింగు సందులోకి కింది ముక్కు దూరితే పక్షి గింజుకుని గాయం చేసుకుంటుంది. చీలికలున్న గుండ్రటి మువ్వల్లో కాలివేళ్లు ఇరుక్కుంటాయి.

ఇక గుచ్చే ముక్కలు. మా లెక్కలో వీటిలో మేలైనది తాటి టెంక. దక్షిణ అమెరికాలో నీలి హయసింత్ మకావ్ తినేది తాటి జాతి చెట్ల గట్టి కాయలనే, దాని ముక్కు అందుకు తగ్గట్టే పెరిగింది. తేగలు తవ్విన పాతరల దగ్గర బుర్రగుంజు తీసేసిన టెంకలు గుట్టలుగా పడి ఉంటాయి. మట్టి అంటి ఉంటుంది కాబట్టి అలాగే ఇవ్వకూడదు. మట్టిలోని బూజు పక్షి ఊపిరితిత్తులను పట్టేస్తుంది, ఆఫ్రికన్ గ్రేలకు ఆ జబ్బు మరీ సులువుగా వస్తుంది. బ్రష్షుతో తోమి, 20 నిమిషాలు ఉడకబెట్టి, మూడు రోజులు మంచి ఎండలో పెట్టండి. తర్వాత 10 మి.మీ. డ్రిల్లు బిట్‌తో చిల్లు వేయాలి. టెంకను చేత్తో పట్టుకుని డ్రిల్లు వేస్తే జారి చేయి తెగుతుంది, బెంచీకి ఉన్న వైస్‌లో బిగించండి.

మకావ్ ఆ టెంకను ఎలా అందుకుంటుందో ఒకసారి దగ్గరగా గమనించండి. ఒక కాలితో పట్టుకుని, ముందున్న రెండు వేళ్లూ వెనకున్న రెండు వేళ్లూ బిగిస్తుంది. పై ముక్కు లోపలి వైపు ఆకురాయిలా గీతలుంటాయి, టెంక జారకుండా పట్టేవి అవే. నల్లటి నాలుకతో దాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ, పీచు పలచబడ్డ చోటు దొరికేదాకా వెతుకుతుంది. దొరికాక కింది ముక్కు ఉలిలా పనిచేస్తుంది. చిల్లులో ఒక బాదం పలుకు దూర్చి, తాటాకు ఉండతో మూస్తే ఆ పని ఇంకా చాలాసేపు సాగుతుంది.

టెంకాయ చిప్పకు ఒకటే జాగ్రత్త. లోపల కొబ్బరి పొర మిగిలితే మక్కిపోయి బూజు పడుతుంది, కత్తితో పూర్తిగా గీకి ఎండబెట్టండి.

సరుగుడు కొయ్యను కర్రల అడితిలో కోయించుకోవచ్చు. బెరడు తీసి, 5 సెం.మీ. మందం, 4 సెం.మీ. పొడవున ముక్కలు చేయించండి. పచ్చి ముక్కను రోహిణీ కార్తె ఎండలో పడేస్తే నెర్రెలిస్తుంది, ఆ సందుల్లో గోరు ఇరుక్కుంటుంది. నీడలో ఆరనివ్వాలి. కాకటూకు, గ్రేకు ఇది మరీ గట్టిది. వాటికి పైన్ చెక్క కావాలి, సరుకుల కింద వేసే పాత చెక్క ప్యాలెట్లలో చవకగా దొరుకుతుంది. అయితే ప్యాలెట్ మీది ముద్ర చూడకుండా తేవద్దు. హెచ్‌టీ అని ఉంటే వేడితో పురుగును చంపింది, వాడొచ్చు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ గ్యాస్ పట్టించింది, వద్దు. ముద్ర లేకపోయినా, నూనె మరకలున్నా వదిలేయండి. మేకులన్నీ పీకాక కూడా అయస్కాంతంతో ఒకసారి తడమాలి, విరిగిన మేకు కొసలు లోపలే ఉండిపోతాయి. ప్లైవుడ్ జిగురు, రంగులు, వార్నిష్ పనికిరావు. గన్నేరు కొమ్మ విషం. ప్రకాశం జిల్లాలో ఎక్కడ చూసినా కనిపించే సుబాబుల్‌ను కూడా దూరం పెట్టండి, దాని ఆకుల్లో, గింజల్లో మిమోసిన్ అనే విషపదార్థం ఉంది.

చిల్లు 10 మి.మీ. ఎందుకంటే, మనకు ఎక్కువ వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ తేమకు చెక్క ఉబ్బి, బిగువు చిల్లయితే కడ్డీకి పట్టేస్తుంది. ముక్క తిరగకపోతే చిలుక దాన్ని ముట్టదు. కడ్డీ నిండా గుచ్చకుండా 4 సెం.మీ. ఖాళీ ఉంచండి. ఆ మూడు నెలలూ ముక్కలను వారానికి రెండుసార్లు తీసి వాసన చూడండి, మక్కిన వాసన వస్తే పారేయండి.

తాళ్ల విషయంలో మేము రాజీపడం. నైలాన్ తాడు, వల ముక్క అసలే వద్దు. ఒక్క పోగు వేలికి చుట్టుకుంటే రక్తం ఆగి వేలు పోతుంది. నూలు పోగులు మింగితే మేత సంచిలో ఉండకట్టి అడ్డుపడతాయి. కొబ్బరి పీచు తాడు లావుపాటిది వాడవచ్చు, కానీ 10 సెం.మీ. మించిన ముక్క వద్దు. పొడవైతే మెడకు ఉచ్చవుతుంది.

ఆఫ్రికన్ గ్రే కొత్త వస్తువు చూస్తే బెదిరిపోతుంది. నాలుగైదు రోజులు పంజరం బయట, కంటికి కనిపించే దూరంలో ఉంచి తర్వాత లోపల పెట్టండి.

మీ పత్రిక ద్వారా ఒక మనవి. ఉదయగిరిలో చెక్క గరిటెలు, స్పూన్లు చేసే పనివాళ్లకు ఇలాంటి ముక్కలు చేయడం ఎడమచేతి పని. పెట్ షాపులవాళ్లు దూరం నుంచి రంగు ప్లాస్టిక్ తెప్పించే బదులు వాళ్లను అడగొచ్చు. కావాల్సిన కొలత ఇదీ: 4 సెం.మీ. పూస, మధ్యలో 10 మి.మీ. చిల్లు, పాలిష్ లేదు, రంగు లేదు. ఏ చెట్టు చెక్కో సంచి మీద రాసి ఉండాలి, పాలు కారే జాతి చెక్క మాత్రం వద్దు.

ఇట్లు,
పెద్ద చిలుకలు పెంచే కొందరం,
నెల్లూరు