రేటింగ్ విభాగాల్లో అర్హత, ఫీజుల లెక్క తేల్చండి

చెస్ టోర్నమెంట్లలో రేటింగ్ (ఆటగాడి బలాన్ని చూపే అంకె) పరిమితి విభాగాలకు అర్హత నిబంధనలు అస్పష్టంగా ఉండటంతో బలహీన ఆటగాళ్లే నష్టపోతున్నారు. 'బిలో 1600' (1600 కంటే తక్కువ రేటింగ్ వారికి) అని ప్రకటిస్తారు, ఏ నెల రేటింగ్ జాబితా ప్రామాణికమో చెప్పరు. అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే జాబితా ప్రతి నెలా 1న మారుతుంది కాబట్టి, ఎంట్రీ కట్టినప్పుడు 1590 ఉన్నవారు ఆట మొదలయ్యేసరికి 1620 దాటవచ్చు. అప్పుడు గొడవంతా ఆర్బిటర్ (పోటీ నిర్ణేత) మీద పడుతుంది. అన్‌రేటెడ్ (రేటింగ్ లేని) ఆటగాళ్లతో చిక్కు ఇంకా పెద్దది. 2024 మార్చి నుంచి కనీస రేటింగ్ 1400 కావడంతో, అంతకు దిగువకు పడినవారూ అన్‌రేటెడ్ అవుతారు కాబట్టి అన్‌రేటెడ్ అంటే కొత్తవారే అనుకోలేం. స్టాండర్డ్‌లో (ఎక్కువ సమయం ఆడే ఆట) రేటింగ్ లేకున్నా ర్యాపిడ్‌లో (తక్కువ సమయం ఆట) 1800 ఉన్నవారు ఇదే విభాగంలో దిగి మొదటి బహుమతి పట్టుకుపోతారు. ఇది అన్యాయం. గడచిన 12 నెలల్లో స్టాండర్డ్, ర్యాపిడ్, బ్లిట్జ్ (ఇంకా వేగమైన ఆట) మూడింటిలో అత్యధిక రేటింగ్‌నే అర్హతకు లెక్కించాలి. మూడింటిలోనూ రేటింగ్ లేనివారికి బహుమతులు వేరుగా పెట్టాలి. జాబితా తేదీని ప్రాస్పెక్టస్‌లోనే (టోర్నమెంట్ వివరాల పత్రం) ముద్రించాలి. గ్రాండ్‌మాస్టర్ వంటి టైటిల్ ఉన్నవారికి ఉచిత ప్రవేశం ఇవ్వడం మంచిదే, కానీ ఆ భారం స్పాన్సర్ మోయాలి. కింది విభాగం ఫీజుల్లో హాలు, ఆర్బిటర్ ఖర్చులు పోగా మిగిలింది ఆ విభాగం బహుమతులకే చెందాలి.