కర్నూలు కలెక్టర్ గారికి ఒక బహిరంగ లేఖ

అయ్యా,

ఆగస్టు 15న కొండారెడ్డి బురుజు మీద మూడు రంగుల దీపాలు చూసి మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. నాకూ కళ్లు చెమర్చాయి. తిరిగి వస్తూ మా పేట గ్రంథాలయం ముందు ఆగాం. నెలలుగా అదే తాళం.

1883లో ఈ ఊళ్లోనే పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు పత్రికలో వచ్చిన వ్యాసానికి 1908లో రాజద్రోహ నేరం కింద జైలుకు వెళ్లారు. ఆ మనిషే తర్వాత గ్రంథాలయాలకు, వయోజన విద్యకు జీవితాన్ని ధారపోశారు. తెల్లదొరలను ఎదిరించడమూ, కూలీ చేతికి పలక ఇవ్వడమూ ఆయనకు వేర్వేరు పనులు కావు. మేమో, ఇంటి పన్నుతో గ్రంథాలయ సెస్సు కట్టి, జెండాకు వందనం చేసి, ఆ తాళాన్ని దాటి వెళ్లిపోతున్నాం. సిగ్గుగా ఉంది.

సాయంత్రాలు తలుపు తీసే ఒక్క మనిషిని నియమించండి. దుమ్ము దులపడానికి మా వీధి పిల్లలు సిద్ధంగా ఉన్నారు.

ఇట్లు,
మీ జిల్లా వాసి